ఊరేగింపుకు కుదిరిన పొత్తు చెరువుకు కుదరదా?



హైదరాబాద్ పాతబస్తీ గురించి బయట ఒక మాట పాతుకుపోయింది. అక్కడ నలుగురు ఒక మాట మీదికి రారని. ఆ మాట అనేవాళ్ళు గణేశ్ నిమజ్జనానికి ముందు వారం చాంద్రాయణగుట్ట నుంచి చార్మినార్ దాకా ఒకసారి నడిచి చూడాలి. కరెంటు వాళ్ళు నిచ్చెనలేసుకుని వేలాడే తీగలు పైకెత్తి కడుతుంటారు. బల్దియా మనుషులు గుంతలు పూడుస్తూ, అడ్డొచ్చే కొమ్మలు కొడుతూ ఉంటారు. జలమండలి వాళ్ళు పొంగే మ్యాన్‌హోళ్ళు చూసుకుంటారు. ఏ సందు మలుపు దగ్గర ఎవరు నిలబడాలో పోలీసుల దగ్గర కాగితం మీద రాసి ఉంటుంది. ఉత్సవ సమితి వాళ్ళు, మసీదు కమిటీల పెద్దలు, గల్లీ గల్లీకి తెలిసిన శాంతి కమిటీ సభ్యులు స్టేషన్‌లో కూర్చుని చాయ్ తాగి లేస్తారు. నిమజ్జనం రోజు పొద్దున బాలాపూర్ లడ్డూ వేలం అయ్యీ కాకముందే గణపతి బయల్దేరతాడు. ఫలక్‌నుమా, శాలిబండ, చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్ చేరతాడు.

ఇదొక్కటే కాదు. మొహర్రం పదో రోజు డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఏనుగు మీద కదిలి మూసీ పక్కనున్న చాదర్‌ఘాట్ చేరుతుంది. ఆషాఢంలో లాల్‌దర్వాజ సింహవాహిని అమ్మవారి ఘటం నయాపూల్ దాకా వస్తుంది. వీటన్నిటికీ ఇన్ని ఆఫీసులు, ఇన్ని సంఘాలు ఒక తాటి మీదికి ఎట్లా వస్తున్నాయి? ఏడాది పొడవునా వీళ్ళు స్నేహంగా ఉంటారని కాదు. తేదీ ముందే తెలుసు, దారి తెలుసు. ఏ గజం ఎవరి బాధ్యతో తెలుసు. తప్పు జరిగితే వేల కళ్ళ ముందు జరుగుతుంది కాబట్టి తప్పించుకునే వీలు లేదు.

గమనించారో లేదో, ఈ ఊరేగింపులన్నీ నీళ్ళ దగ్గరికే వెళ్తాయి. ఆ నీళ్ళను చూసుకునే పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ పొత్తు కనబడదు. ఈ రోజు నా ప్రసంగం దాని గురించే.

2020 అక్టోబరు 13 నాటి వాన మీకు గుర్తుండే ఉంటుంది. బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లకు పైగా కురిసింది. పాతబస్తీకి దక్షిణాన పల్లె చెరువు పొంగింది. అలీనగర్, అల్ జుబైల్ కాలనీల్లోకి నీళ్ళు వచ్చిపడ్డాయి. ఒకే కుటుంబానికి చెందిన ఎనిమిది మంది ఆ రాత్రి వరదలో కొట్టుకుపోయారు. ఇళ్ళలోంచి బురద ఎత్తిపోయకముందే మళ్ళీ వాన పట్టుకుంది. 17వ తేదీ శనివారం రాత్రి బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్టకు గండిపడింది. హఫీజ్ బాబా నగర్, ఫూల్‌బాగ్ మునిగాయి. ఫ్రిజ్‌లు, బీరువాలు, పెళ్ళి కోసం దాచుకున్న బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు, అన్నీ బురదలో కలిశాయి.

ఇప్పుడు ఆ రెండు పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. గుర్రం చెరువు రంగారెడ్డి జిల్లా. హఫీజ్ బాబా నగర్ హైదరాబాద్ జిల్లా. నీళ్ళు ఒక కలెక్టర్ పరిధిలో నిండి, ఇంకో కలెక్టర్ పరిధిలో జనాన్ని ముంచాయి. ఎగువన ఒక పట్టణ పాలక సంస్థ, దిగువన ఇంకో సంస్థ. కట్ట సంగతి నీటిపారుదల శాఖది, కింద నాలా సంగతి బల్దియాది. కట్ట మీద ఎక్కడ నీరు ఊటెత్తుతోందో, కింద ఏ కాలనీలో నాలా ఎంత సన్నబడిందో తెలిసినవాళ్ళు ఉన్నారు. కానీ వాళ్ళందరినీ ఒక్కచోట నిలబెట్టిన రోజు వానకు ముందు రాలేదు. 2025 చివర్లో చుట్టుపక్కల 27 పట్టణ పాలక సంస్థల్ని బల్దియాలో, అంటే జీహెచ్‌ఎంసీలో కలిపారు. ఒక గీత చెరిగింది, సంతోషమే. శాఖల మధ్య గీతలు మాత్రం గెజిట్‌తో చెరిగేవి కావు.

ఈ గీతల్లేని కాలం ఒకటుండేదని, పూర్వం అంతా సవ్యంగా నడిచేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15 వేల మందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలో చింతచెట్టు ఎక్కిన 150 మంది దాకా బతికారని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ చెట్టు కథ అందరికీ తెలుసు. అంతగా తెలియనిది, ఆ మరుసటి ఏడు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తేల్చిన చెరువుల సంగతి. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయనీ, ఆ వానకు వాటిలో 221 తెగాయనీ ఆయన నివేదిక చెబుతుంది. దాదాపు చదరపు మైలుకొక చెరువు. పైది తెగితే ఆ నీళ్ళన్నీ కిందిదాని మీద పడతాయి. ఆ లెక్కలో నుంచే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పుట్టాయి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. నది ఒడ్డున గోడ కట్టి ఊరుకోకుండా ఎగువన జలాశయాలు కట్టడమే ఆయన చేసిన అసలు పని. నగరం హద్దు దగ్గర ఆగకుండా నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో అక్కడికి పోయి చూశాడు.

మన పల్లెల్లో గొలుసుకట్టు చెరువులున్న చోట నీరటి అనే మనిషి ఉండేవాడు. తూము తీయడం, మూయడం, కట్ట మీద కలుగులు పూడ్చడం, మత్తడి దుంకే ముందు కింది ఊరికి కబురు పంపడం అతని పని. కళ్ళంలో గింజలు అతని కూలి. పాతబస్తీ దక్షిణపు చెరువులు ఒకప్పుడు అట్లాంటి గొలుసులే. జల్‌పల్లి, బాలాపూర్, బండ్లగూడ, శివరాంపల్లి, అన్నీ పొలాల ఊళ్ళే. పొలం పోయి ప్లాట్లు రాగానే నీరటి పని పోయింది. మత్తడి మాత్రం పోలేదు, ఏటా దుంకుతూనే ఉంది. కబురు చెప్పే మనిషే లేడు.

ఒక్క చెరువు దగ్గర ఆగి కాస్త తీరిగ్గా చూద్దాం. మీర్ ఆలం చెరువు. నిజాం దివాన్ మీర్ ఆలం కట్టించినది, 1806 నాటికి పూర్తయింది. 21 అర్ధచంద్రాకారపు కమానులు ఒకదాని పక్కన ఒకటి నిలబడి నీళ్ళ బరువును మోస్తున్న ఆ కట్ట, ఇంజినీరింగ్ చదివేవాళ్ళు వెళ్ళి చూడాల్సిన కట్టడం. ఉస్మాన్‌సాగర్ రాకముందు పాతబస్తీ తాగిన నీళ్ళివి. 1963లో దీని పక్కనే జూపార్కు తెరిచారు.

ఇప్పుడు దీనికి దిక్కెవరు? చెరువు నిర్వహణ హెచ్‌ఎండీఏది. జూ అటవీ శాఖది. చెరువులోకొచ్చే మురుగు, దాన్ని శుద్ధి చేసే ప్లాంటు జలమండలివి. చుట్టూ కాలనీల చెత్త, వాననీటి నాలాలు బల్దియావి. శిఖం భూమి నక్షాలు రెవెన్యూ దగ్గరుంటాయి. చేపపిల్లలు, మత్స్య సహకార సంఘాల సంగతి మత్స్యశాఖది. నీళ్ళ నమూనా తీసి పరీక్షించేది కాలుష్య నియంత్రణ మండలి. 2024 జులై నుంచి ఆక్రమణల తొలగింపు హైడ్రా అనే ప్రభుత్వ సంస్థది. ఇంతమంది ఉన్నా చెరువు మీద గుర్రపుడెక్క పచ్చటి తివాచీలా పరుచుకుంటుంది.

ఆ గుర్రపుడెక్క కథలోనే అంతా ఉంది. ఒక శాఖ యంత్రం దించి, నెలల తరబడి కోయించి, గట్టున కుప్పలు పోయిస్తుంది. లారీల్లో తరలిస్తుంది. ఆ మొక్కకు తిండి మురుగులోని నత్రజని, భాస్వరం. ఆ మురుగు మోసుకొచ్చే పైపు ఇంకో శాఖది. తిండి ఆగనంత కాలం మిగిలిన నాలుగు మొక్కలు చాలు, వేడి కాలంలో రెండు వారాలకే రెట్టింపవుతాయి. కోసేవాళ్ళు తమ పని చేశామంటారు, నిజమే. పైపు వాళ్ళు ప్లాంటు కట్టామంటారు, అదీ నిజమే. ఆ ప్లాంటుకు పోవాల్సిన మురుగు ఏ గల్లీలో వాననీటి నాలాలోకి మళ్ళుతోందో కనిపెట్టి కలపాల్సిన కొద్ది గజాల పైపు ఉంటుంది చూశారా, అది ఎవరి పద్దులోనూ ఉండదు. చెరువు చచ్చేది అక్కడ.

2021 జులైలో గట్టి వాన పడినప్పుడు మీర్ ఆలం పొంగి జూపార్కు సఫారీలోకి నీళ్ళొచ్చాయి. సింహాల్ని ఎన్‌క్లోజర్లలోకి మళ్ళించాల్సి వచ్చింది. సింహాలకు నీళ్ళొస్తే పేపర్లో ఫొటో వస్తుంది. అవే నీళ్ళు ఇంకో పక్క ఇళ్ళలోకి వస్తే అంత పెద్ద ఫొటో రాదు. ఇది పక్కన పెట్టాల్సిన మాటే గానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక ఇళ్ళవాళ్ళ సంగతి. పర్యావరణం మాట వచ్చినప్పుడల్లా చెరువు శిఖంలో ఇల్లు కట్టుకున్నవాళ్ళను దొంగలుగా చూపించడం మనకు అలవాటైంది. పాతబస్తీ అంచున ప్లాటు ఎట్లా కొంటారో చూడండి. వంద గజాలు, నోటరీ కాగితం, కువైట్‌లోనో జెద్దాలోనో పదేళ్ళు డ్రైవరుగా చేసి పంపిన డబ్బు. కట్టాక కరెంటు మీటరు వస్తుంది. ఇంటి నంబరు వస్తుంది, ఆస్తి పన్ను రసీదు వస్తుంది. నల్లా కనెక్షన్ వస్తుంది. ఈ కాగితాలు ఇచ్చిన ఏ ఆఫీసూ ఇది చెరువు నిండుమట్టంలో ఉందా అని నీటిపారుదల శాఖను అడగదు. అడగాలన్న నియమం మీటరు ఇచ్చేవాడికి లేదు. ఇరవై ఏళ్ళ తర్వాత జేసీబీ వస్తుంది. అప్పుడు ఆ మనిషి చేతిలో ఉన్న రసీదులన్నీ ప్రభుత్వానివే. శాఖలు కలిసి పనిచేయకపోవడానికి ఖరీదు కట్టేది అతను. లేఅవుట్ వేసి అమ్మి వెళ్ళిపోయినవాడు ఆ సమయానికి ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు.

నిబంధనలు లేకనా? ఉన్నాయి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు చుట్టూ 30 మీటర్లు, చిన్న కుంటల చుట్టూ 9 మీటర్లు బఫర్ వదలాలి. ఎక్కడి నుంచి 30 మీటర్లు? ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండుమట్టపు గీత నుంచి. ఆ గీతే ఖరారు కాని చెరువులు ఎన్నో. 2010లో హెచ్‌ఎండీఏ కమిషనర్ అధ్యక్షతన చెరువుల పరిరక్షణ కమిటీ పెట్టారు. ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు విని, తుది నోటిఫికేషన్ ఇవ్వాలి. మొదటిది ఇచ్చినంత వేగంగా చివరిది ఇవ్వలేదు. 2024లో హైకోర్టు తొందరపెట్టాల్సి వచ్చింది. అదే హైకోర్టు ఆ ఏడు సెలవు రోజుల్లో కూల్చివేతలేమిటని హైడ్రానూ గట్టిగా ప్రశ్నించింది. రెండూ ఒకే సమస్యకు రెండు వైపులు. గీత ముందు గీసి, అందరికీ చూపించి ఉంటే జేసీబీకి అంత పని ఉండేది కాదు.

అట్లాగని హైడ్రా వల్ల మంచి జరగలేదని అనను. శివరాంపల్లి దగ్గర బం రుక్న్ ఉద్ దౌలా చెరువు నిజాం దివాన్ రుక్న్ ఉద్ దౌలా 1770 ప్రాంతంలో తవ్వించినది. మన కళ్ళ ముందే మట్టి పోసుకుని కనుమరుగయ్యే స్థితికి వచ్చింది. 2024 ఆగస్టులో ఆక్రమణలు తీసేసి పూడిక తవ్వడం మొదలుపెట్టాక మళ్ళీ చెరువు ఆకారం వచ్చింది. ఒకే కమిషనర్ కింద విపత్తు దళం, సర్వే మనుషులు, పోలీసులు ఉండడం వల్లే అది వీలైంది. కానీ తవ్విన చెరువు నిలబడేది దానిలోకి వచ్చే నీటి దారి నిలిస్తేనే. ఆ దారి మళ్ళీ పది మంది చేతుల్లో ఉంది.

ఎగువ, దిగువల తగాదాకు మన దగ్గర పెద్ద ఉదాహరణ 111 జీవో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల లోపల 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద నిర్మాణాలు వద్దని 1996 మార్చి 8న ఇచ్చిన ఉత్తర్వు అది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో నూనెల పరిశ్రమ పెడతామంటే వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. ముప్పు లేదని నిరూపించాల్సిన బాధ్యత పరిశ్రమదేనని 1999లోను, ఆ తర్వాత 2000లోను కోర్టు తేల్చింది. పర్యావరణ న్యాయం చదివే ప్రతి విద్యార్థికీ ఆ కేసు పాఠం. ఆ విజయం వెనుక ఒక పౌర సంఘం ఉంది, శాస్త్రవేత్తల నివేదికలున్నాయి, కాలుష్య మండలి ఉంది. మంచి పొత్తు. దానిలో ఒక్కరు లేరు. ఆ 84 ఊళ్ళ రైతు. నగరం తాగే నీళ్ళ కోసం తన భూమి ధర పక్క ఊరి ధరలో సగానికి ఎందుకు ఉండాలని అతను అడుగుతూ వచ్చాడు. నీళ్ళు తాగేవాళ్ళు అతనికి ఏమైనా ఇవ్వాలా అన్న చర్చ సరిగ్గా జరగనే లేదు. 2022 ఏప్రిల్ 12న 69 జీవోతో ఆంక్షలు సడలించినప్పుడు నగరంలోని పర్యావరణవాదులు బాధపడ్డారు, ఊళ్ళలో మిఠాయిలు పంచుకున్నారు. ఒకే నీటికి రెండు చివర్లలో ఉన్నవాళ్ళు పాతికేళ్ళు ఒక బల్ల ముందు కూర్చోకపోతే అంతకన్నా ఏమవుతుంది?

అట్లా కలిసి కూర్చున్న చోటు కూడా ఉంది: బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు మీద కైకొండ్రహళ్ళి చెరువు. దాదాపు 48 ఎకరాలు. చుట్టుపక్కల నివాసులు 2008 ప్రాంతంలో అక్కడి కార్పొరేషన్‌తో కలిసి దాన్ని బతికించారు. వాళ్ళు చేసిన తెలివైన పని, గడ్డి కోసుకునేవాళ్ళను, చేపలు పట్టేవాళ్ళను తరిమెయ్యకపోవడం. పొద్దున నడకకు వచ్చేవాళ్ళకు మాత్రమే చెరువు కాదని మొదటే ఒప్పుకున్నారు. ఉమ్మడి వనరుల మీద పరిశోధనకు 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ 2012లో అక్కడికి వచ్చి చూశారు. వాడుకునేవాళ్ళు చేసుకున్న నియమం, వాడుకునేవాళ్ళే కాపలా కాసే నియమం నిలబడుతుందన్నది ఆమె జీవితకాలపు పరిశోధన సారం. మన దగ్గర చెరువు సుందరీకరణ అంటే మొదట కంచె, తర్వాత టికెట్టు. వల భుజాన వేసుకున్న గంగపుత్రుడు, ముదిరాజు గేటు బయట మిగిలిపోతాడు. చెరువులో చేపలు తేలితే ఏ నాలా నుంచి ఏ వాసన నీళ్ళొచ్చాయో మొదట పసిగట్టేది అతనే. అతన్ని బయట పెట్టి నీళ్ళ నాణ్యత తెలుసుకోవడానికి యంత్రాలు కొంటున్నాం.

ఇక ఏం చేయాలన్నది. కమిటీ వేయమని నేను అడగను, కమిటీలు చాలా ఉన్నాయి. పాతబస్తీకి తెలిసిన పద్ధతే అడుగుతాను: ఒక తేదీ, ఒక దారి. తేదీ వెతుక్కోనక్కర్లేదు. మృగశిర కార్తె ఉంది. జూన్ 8 అటూ ఇటూగా వస్తుంది. పాతబస్తీ దూద్‌బౌలిలో మొదలైన బత్తిని వారి చేప ప్రసాదం పంపిణీ ఇప్పుడు ఆ రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జరుగుతుంది. కొర్రమీను పిల్లల్ని మత్స్యశాఖ తెస్తుంది, బారికేడ్లు, నీళ్ళు, బస్సులు తలా ఒక శాఖ చూసుకుంటుంది. అంటే ఆ రోజున కలిసి పనిచేయడం వాళ్ళకు కొత్త కాదు. అంతకు వారం ముందు ఇంకో రోజు చెరువులకు కేటాయించండి. గొలుసు పై చివరనున్న కట్ట మీద మొదలుపెట్టి, మత్తడి దాటి, నాలా వెంట, ఇళ్ళ మధ్య నుంచి మూసీ దాకా అందరూ కలిసి నడవాలి. రెవెన్యూ వాళ్ళు పాత నక్షా తేవాలి. నీటిపారుదల వాళ్ళు ఎఫ్‌టీఎల్ పటం, జలమండలి వాళ్ళు మురుగు పైపుల పటం, బల్దియా వాళ్ళు నాలాల పటం తేవాలి. ఈ నాలుగు పటాల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి చూసే పని ఆ నడకలోనే జరగాలి. కాలనీ పెద్దలు, మసీదు, గుడి కమిటీలవాళ్ళు, చేపలవాళ్ళు పక్కన ఉండాలి. ఎక్కడ ఏముందో అక్కడికక్కడే పంచనామా రాసి, అందరూ సంతకాలు చేసి, ఆ కాగితాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ అదే గల్లీ గోడకు అంటించాలి. ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష. వరద హెచ్చరిక కూడా మసీదు మైకులోంచి ఉర్దూలో వినబడితేనే అర్ధరాత్రి ఆ వీధి లేస్తుంది.

దీనికి అడ్డొచ్చేది బద్ధకం కాదు, భయం. ఆఫీసరు సంతకం చేస్తే రేపు కోర్టులో అది అతని మెడకే చుట్టుకోవచ్చు. ఇంటాయన నడకలో చేరితే తన ఇల్లు గీత లోపల ఉందని తానే చూపించినట్టవుతుంది. ఈ రెండు భయాలు తీర్చకుండా ఎవరూ రారు. కాబట్టి ఆ పంచనామాను కూల్చివేతకు ఆధారంగా వాడమని ముందే రాసి ఇవ్వాలి. కూల్చక తప్పని ఇంటికి ఇంకో ఇల్లు చూపించాకే చెయ్యి వెయ్యాలి. ఖర్చవుతుంది. 2020 వరద నష్టం కన్నా తక్కువే అవుతుందని నా నమ్మకం.

ఎవరు పిలవాలి? 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షుడు కలెక్టర్. జిల్లాలోని ఏ శాఖనైనా పిలిచే అధికారం ఆ చట్టం ఇచ్చింది. గుర్రం చెరువు గొలుసుకు హైదరాబాద్, రంగారెడ్డి కలెక్టర్లు ఇద్దరూ ఒకే ఉత్తరం మీద సంతకం చేయాలి. నాలాల పూడికతీత వానలకు ముందే జరగాలి కాబట్టి ఉత్తరం ఏప్రిల్ మొదటి వారానికే వెళ్ళాలి. మే నెలలో వెళ్తే నడక వానలో పడుతుంది.